మేక మింగిన తాళంచెవి

ఆ సబ్‌స్టేషన్‌లో ఫోర్‌మన్ చెప్పే మాటల్లో ఏది నిజమో ఏది కోతో తేల్చుకోవడానికి మామూలు బుర్రకు ఏడాది పడుతుందని అక్కడి లైన్‌మెన్ అంటారు. సగం ఇంజినీరు వచ్చి పదకొండు నెలల ఇరవై రోజులైంది. ఇంకా తేల్చుకోలేదు.

సగం ఇంజినీరు అంటే ఒక అమ్మాయి. డిప్లొమా పూర్తిచేసి, అప్రెంటిస్‌గా ఏడాదిపాటు పని నేర్చుకోవడానికి వచ్చింది. మొదటిరోజే ఫోర్‌మన్ ఆ పిల్లను ఎగాదిగా చూసి, "చదువు అయింది, పని రాలేదు. అంటే సగం అయినట్టు. మిగతా సగం మేం కలుపుతాంలే" అన్నాడు. అంతే, ఆ పేరు జిగురులా అంటుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా రిజిస్టరులో అదే రాయబోయి నాలిక్కరుచుకున్నాడు.

ఫోర్‌మన్ చెడ్డవాడు కాదు. పనిలో దిట్ట. కాకపోతే నోరు తెరిస్తే మాటలు కోటలు దాటించేస్తాడు. ఒకసారి చలికి తీగల్లో కరెంటు గడ్డకట్టిందట. తను స్తంభమెక్కి లాంతరు పెట్టి కరిగిస్తూ పోతే, సాయంత్రం రావాల్సిన కరెంటు మర్నాడు పొద్దున బొట్లుబొట్లుగా వచ్చిందట. ఇంకోసారి ట్రాన్స్‌ఫార్మర్ గురక పెడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాడట. ఇలాంటివి చెబుతూ చెబుతూ మధ్యలో, అదే గొంతుతో, "ఎర్తు రాడ్డు తగిలించకుండా తీగ ముట్టుకోకు" అనేవాడు. దానితో ఆ పిల్లకు పెద్ద చిక్కొచ్చిపడింది. బియ్యంలో రాళ్ళేరినట్టు మాటమాటకీ ఏరుకోవాల్సి వచ్చేది.

అలా ఏరి అవతల పారేసిన వాటిలో మేక కథ ఒకటి.

అది అర్థం కావాలంటే తాళాల సంగతి తెలియాలి. ఏదైనా లైను మీద పనిచేయాలంటే ముందు దానికి కరెంటు ఆపాలి. ఆపిన స్విచ్చు తాలూకు తాళంచెవిని ఒక ఎర్రటి ఇనప్పెట్టెలో పడేస్తారు. పనిలోకి దిగే ప్రతి మనిషీ ఆ పెట్టెకు తన సొంత తాళం ఒకటి తగిలిస్తాడు. నలుగురు దిగితే నాలుగు తాళాలు. ఎవరి చెవి వాళ్ళ మెడలోనే ఉంటుంది. పని అయ్యాక ఎవరిది వాళ్ళే వచ్చి తీసుకోవాలి. నాలుగూ ఊడితేగానీ పెట్టె తెరుచుకోదు, పెట్టె తెరుచుకుంటేగానీ కరెంటు రాదు. ఒక్క తాళం వేలాడుతున్నా, ఒక మనిషి ఇంకా తీగ మీదే ఉన్నట్టు లెక్క. మంత్రిగారు ఫోన్ చేసినా, మహారాజు దిగొచ్చినా ఆ తాళం కదలదు.

చెవిని మెడలో తాడుకు కట్టుకోవడానికి ఫోర్‌మన్ ఒక ముడి నేర్పాడు. రెండు చుట్లు తిప్పి, కొసను తన మీదుగా వెనక్కి దూర్చి బిగించాలి. లాగినకొద్దీ బిగుస్తుంది. "ఈ ముడే ఎందుకు బాబాయ్?" అని ఆ పిల్ల అడిగిందే పాపం, అతను కుర్చీ వెనక్కి వాల్చాడు.

"వెనకటికి నీలాంటి కుర్రాడొకడు ఉండేవాడమ్మడూ. మెడలో ముడి నిలవట్లేదని చెవీ తాడూ జేబులో దోపి, చొక్కా విప్పి కంచె మీద ఆరేశాడు. జేబులోంచి తాడు బయటికి వేలాడుతోంది. ఓ మేక వచ్చింది. తాడు మొదలెట్టి చెవిదాకా నమిలి మింగేసింది. తాళం కొయ్యడానికి హక్కున్న పెద్దాయన సెలవులో ఉన్నాడు. ఇంకేం చేస్తాం? నేనూ ఆ కుర్రాడూ రెండు రోజులు ఆ మేక వెనకాల తిరిగాం, నా చేతిలో బకెట్టు, వాడి చేతిలో చీపురు. ఊరంతా చీకటి. ఇళ్ళలో అందరూ మేక కడుపు గురించే మాటలు."

"తర్వాత?"

"తర్వాతేముంది, చెవి వచ్చింది, కరెంటు వచ్చింది. మేకను సస్పెండ్ చేశారు."

ఇంత విన్నాక ఆ ముడిని ఎవరు నమ్ముతారు? ఆ పిల్ల తల ఊపి, ఫోర్‌మన్ అటు తిరగగానే, జడకు రిబ్బను కట్టినట్టు ఒక్క లాగుతో ఊడే పువ్వు ముడి వేసుకుంది. చూడ్డానికి ముద్దుగా ఉంది కూడా.

ఇప్పుడు ఆ రోజు దగ్గరికి వద్దాం.

ఆ రోజు తొమ్మిది నుంచి నాలుగు దాకా ఒక లైనుకు కరెంటు ఆపి, స్తంభాల మీద పగుళ్ళిచ్చిన పింగాణీ ఇన్సులేటర్లు మార్చాలి. దిగినవాళ్ళు నలుగురు: ఫోర్‌మన్, పొడుగు లైన్‌మన్, పొట్టి లైన్‌మన్, సగం ఇంజినీరు. నాలుగింటికి పెద్ద ఇంజినీరు వస్తాడు. వచ్చి, అంతా సవ్యంగా ఉంటే, ఆ పిల్ల అధికార కార్డు మీద సంతకం పెడతాడు. కార్డు చేతికొస్తే ఇకమీదట స్విచ్చు సొంతంగా వెయ్యొచ్చు, సొంతంగా ఆపొచ్చు. తేడా వస్తే ఇంకో ఆరునెలలు అప్రెంటిసే. ఆ సంతకం కోసం ఆ పిల్ల కొత్త పెన్ను కూడా కొని జేబులో పెట్టుకొచ్చింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ లైను మీదే, సబ్‌స్టేషన్‌కు రెండు వీధుల అవతల, ఆ పిల్ల మేనమామ ఐస్‌క్రీం దుకాణం ఉంది. అదే రోజు సాయంత్రం ఐదింటికి ఒక బడికి మూడొందల కప్పులు ఇవ్వాలి. ముందురోజు రాత్రి నుంచే మావయ్య ఫోనులో గోల.

"ఏమే కోడలా, మేనమామ దుకాణం ఉన్న లైనే దొరికిందా మీకు పగలగొట్టడానికి?"

"పగలగొట్టడం కాదు మావయ్యా, బాగుచెయ్యడం."

"ఏదైతేనేం, నా నోట్లో మన్ను!"

మర్నాడు తొమ్మిదిలోపే మిషన్లన్నీ తిప్పి సరుకంతా తీసి, గిన్నెల్ని మంచుపెట్టెల్లో దించి పెట్టుకున్నాడు. ఇక కప్పుల్లో నింపడమే. భోజనాల వేళకు మళ్ళీ ఫోను. "అమ్మలూ, చేతులు చాలట్లేదు, మెత్తబడిపోతోంది, ఒక్క పది నిమిషాలు రామ్మా." ఫోర్‌మన్ దగ్గర సెలవు తీసుకుని ఆ పిల్ల పరుగున వెళ్ళింది. చేతులు కడుక్కుంది. పండు ముక్కలు కలిపిన గులాబీరంగు ఐస్‌క్రీం గిన్నెను రెండు చేతులా వంచి పట్టుకుంటే, ఒక పక్క మావయ్య పెద్ద గరిటెతో, ఒక పక్క అత్తయ్య చిన్న గరిటెతో నింపుతూ పోయారు. మూడు ట్రేలు, ముప్పై ఆరు కప్పులు నిండేసరికి గిన్నె ఖాళీ. మూతలు నొక్కేసి మంచుపెట్టెలో పెట్టేశారు. ఆ పిల్ల చేతులు తుడుచుకుని మళ్ళీ పనిలోకి పరుగెత్తింది.

రెండుంబావుకే పని అయిపోయింది. అనుకున్నదానికంటే గంటన్నరకు పైగా ముందే! ఎర్రపెట్టె దగ్గరికి నలుగురూ వచ్చారు. ఫోర్‌మన్ తన తాళం తీశాడు. పొడుగాయన తీశాడు. పొట్టాయన తీశాడు. సగం ఇంజినీరు కాలర్లో చెయ్యి పెట్టి తాడు బయటికి లాగింది.

తాడు వచ్చింది. చెవి రాలేదు.

పువ్వు ముడి ఎప్పుడు విచ్చుకుందో విచ్చుకుంది. ఆ పిల్ల గుండె జారి బూట్లలో పడింది. జేబులు తిరగేసింది, టోపీ దులిపింది, స్తంభాల కింద గడ్డంతా కళ్ళతోనే దువ్వేసింది. లేదు. అప్పుడు వెలిగింది. గిన్నె. వంగినప్పుడు.

"బాబాయ్," అంది సన్నగా, "చెవి ఐస్‌క్రీంలో పడింది."

ఫోర్‌మన్ తిట్టలేదు. ముఖంలో కోపం అణుమాత్రం లేదు. పైగా కళ్ళు మెరిశాయి. "మీ మావయ్యకు మేకలేమైనా ఉన్నాయా?"

"బాబాయ్!"

"లేవుగా? అయితే నయం. బకెట్టు అక్కర్లేదు."

పొడుగు లైన్‌మన్ పెట్టె వంక ఓరగా చూసి, "ఆ గొళ్ళెం మేకు రెండు దెబ్బలేస్తే ఊడొస్తుంది. మళ్ళీ కొట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుస్తుంది," అన్నాడు ఫోర్‌మన్. ఈసారి గొంతులో కోతల జాడ లేదు. "తాళం వేసిన చెయ్యే తీయాలి. లేదంటే పెద్ద ఇంజినీరు స్వయంగా వచ్చి, ఈ పిల్లను ఎదురుగా నిలబెట్టి చూసి, కాయితం రాసి కొయ్యాలి. ఆ కాయితం రాస్తే కార్డు ఆరునెలలు వెనక్కి. ఏమంటావ్ సగం ఇంజినీరూ?"

"నాలుగు లోపల వెతుకుతా," అంది ఆ పిల్ల.

నలుగురూ దుకాణానికి దండయాత్రగా వెళ్ళారు. సంగతి వినగానే మావయ్య లోపలికెళ్ళి రంపపు బ్లేడు పట్టుకొచ్చాడు.

"నా కప్పుల జోలికి రాకండి. ఆ తాళమే కోసేద్దాం పదండి. రెండు నిమిషాల పని."

"కుదరదు మావయ్యా. ఆ తాళం వేలాడుతున్నంతసేపూ నేను తీగ మీద ఉన్నట్టే."

"ఎదురుగా నా నెత్తి మీద ఉన్నావు కదే!"

"తాళానికేం తెలుసు? ఇవాళ నేనిక్కడ ఉన్నానని కోస్తే, రేపెవరైనా నిజంగానే పైన ఉన్నప్పుడు, 'కిందే ఉన్నాడులే' అనుకుని కోస్తారు. వద్దు. కార్డు పోతే పోయింది, అది మాత్రం వద్దు."

మావయ్య బ్లేడు దించాడు. మేనకోడలు అంత గట్టిగా మాట్లాడగా వినడం అదే మొదలు. "మీ అమ్మ పోలిక," అన్నాడు గొణుగుతూ. "సరే, మూడు ట్రేలేగా. కానీ మూత తీసిన కప్పు అమ్ముడుపోదు. తక్కువ తీయండి."

ముప్పై ఆరు కప్పులు, ఒకదానిలో చెవి. ఇత్తడి చెవి, అయస్కాంతానికి అంటదు. సగం ఇంజినీరు బల్ల మీది కాటా దగ్గరికి జరిగింది. అట్టపెట్టె మీద 'నికర బరువు వంద గ్రాములు' అని అచ్చువేసి ఉంది. చెవి బరువు ఎంత? పొడుగు లైన్‌మన్ మెడలోని చెవి, వేరే తాళానిదే అయినా అదే సైజు, తీయించి కాటా మీద పెట్టి చూసింది. ఇరవై గ్రాములు.

"చెవి ఉన్న కప్పు బరువెక్కువ ఉంటుంది. అన్నీ తూచి, బరువైనవి మాత్రమే తెరుద్దాం."

"అబ్బ, చదువంటే ఇదీ," అన్నాడు పొట్టి లైన్‌మన్, అప్పటికే చెక్క చెంచా ఒకటి చేతిలోకి తీసుకుని.

తూచారు. చిత్రం, కప్పులు రెండు జాతులుగా చీలిపోయాయి. కొన్ని నూటయిరవై దాకా తూగాయి, కొన్ని ఎనభై దగ్గరే ఆగాయి. వంద దాటిన బరువైనవి మొత్తం పదకొండు; మిగతావి అంకె సరిగ్గా చూడకుండానే పక్కకు నెట్టేశారు. మొదటిది తెరిచారు. తెరిచిన కప్పు పారేయడం పాపం కదా, పొడుగాయన తిన్నాడు. రెండోది పొట్టాయన. మూడోది ఫోర్‌మన్. ఒక్కొక్క మూత లేచినప్పుడల్లా మావయ్య తన పన్ను పీకుతున్నట్టు "అయ్యో" అనేవాడు. నాలుగు, ఐదు, ఆరు. పండు ముక్క పంటికి తగిలినప్పుడల్లా "దొరికింది!" అని అరవడం, చూస్తే మామిడి ముక్క కావడం. పదకొండూ అయ్యాయి. ముగ్గురి మూతులూ గులాబీరంగులోకి మారాయి. పొట్టాయన బెల్టు ఒక రంధ్రం వదులు చేశాడు. చెవి లేదు.

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

"ఇంకో పది తినమన్నా తింటాను," అన్నాడు పొట్టాయన నీరసంగా, "డిపార్ట్‌మెంటు కోసం."

ఆ పిల్ల కాటా ముందు కుర్చీలో కూలబడింది. జేబులో కొత్త పెన్ను గుచ్చుకుంటోంది. ఇంకో ఆరునెలలు. లెక్క ఎక్కడ తప్పింది? చెవి ఉంటే బరువు పెరగాలి. నిజమే. కానీ దేనికంటే పెరగాలి?

తలెత్తి గోడకు వేలాడుతున్న గరిటెల్ని చూసింది. పెద్దదొకటి. చిన్నదొకటి. మావయ్య చెయ్యి పెద్దది, మనసూ పెద్దదే, కప్పు పొర్లిపోయేలా నింపుతాడు. బరువైనవన్నీ ఆయనవి. మరి అత్తయ్య?

ఆ పిల్ల మెల్లగా తిరిగి అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య చప్పున అటువైపు తిరిగి శుభ్రంగా ఉన్న బల్లను మళ్ళీ తుడవడం మొదలెట్టింది.

"అత్తయ్యా, నువ్వు నింపినవి ఎనభై గ్రాములు కదూ?"

"కాటా సరిగా లేదేమో."

"కాటా బాగానే ఉంది. నీ ఎనభైకి నా ఇరవై కలిస్తే?" ఆ పిల్ల లేచి నిలబడింది. "బాబాయ్, బరువైన కప్పు కాదు మనకు కావలసింది. సరిగ్గా వంద తూగే కప్పు!"

మిగిలిన పాతికా మళ్ళీ కాటా ఎక్కాయి. ఎనభై ఒకటి. డెబ్భై తొమ్మిది. ఎనభై. ఎనభై రెండు. పద్దెనిమిదో కప్పు పెట్టగానే కాటా ఒక క్షణం ఊగి, తొంభై తొమ్మిది దాటి, వంద దగ్గర నిలిచింది. అట్టపెట్టె మీద అచ్చువేసినట్టే, ఒక వెంట్రుకవాసి తేడా లేకుండా.

మూత తీసింది. చెక్క చెంచా లోపలికి దించింది. టక్కుమని తగిలింది.

మావయ్య పెళ్ళాం వంక చూశాడు. "ఈ దుకాణం పెట్టినప్పట్నుంచీ నువ్వు సరిగ్గా నింపిన కప్పు ఇదొక్కటేనన్నమాట! అదీ ఇత్తడి కలిపి!"

"నువ్వు పొర్లించేది నేను సర్దుతుంటేనే దుకాణం నిలబడింది," అంది అత్తయ్య తడుముకోకుండా. తర్వాత మూడు ట్రేల వైపూ చూసి, చీరకొంగు దోపుకుని, ఇంకో మాట అంది. "ఆ గిన్నెలో తాళంచెవి మునిగింది. స్తంభాలెక్కే మనిషి మెడలోది. ఈ ముప్పై ఆరూ బడికి వెళ్ళడానికి వీల్లేదు. పిల్లలు తినేవి. కరెంటు రాగానే మళ్ళీ మిషను తిప్పుదాం."

పొట్టి లైన్‌మన్ నోరు వెళ్ళబెట్టాడు. "ఆ ముక్క ముందే అనుంటే, అన్నీ జల్లెట్లో బోర్లించి రెండు నిమిషాల్లో తీసేవాళ్ళం కదమ్మా?"

"ముందు తోచలేదు," అంది అత్తయ్య.

ఆ పిల్ల అప్పటికే వీధిలో ఉంది. చెవి గుప్పిట్లో, గుప్పిట గుండెలకు ఆనించుకుని. వెనక ముగ్గురు పెద్దమనుషులు ఐస్‌క్రీం నిండిన కడుపులతో ఆయాసపడుతూ పరుగు. మూడూ నలభై ఎనిమిదికి ఎర్రపెట్టెకు చివరి తాళం ఊడింది. మూడూ యాభై మూడుకు లైనులో కరెంటు ప్రవహించింది. రెండు వీధుల అవతల నుంచి మావయ్య మిషను గర్రుమన్న చప్పుడు వినిపించిందని ఫోర్‌మన్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

సరిగ్గా నాలుగింటికి జీపు ఆగింది. పెద్ద ఇంజినీరు దిగాడు. తక్కువ మాట్లాడే మనిషి, ఎండాకాలంలోనూ మెడదాకా గుండీ పెట్టుకుంటాడు. కాలర్ కింద నల్లతాడు ఒకటి ఎప్పుడూ కనిపిస్తుంది. తాయెత్తని అందరి నమ్మకం. వరసగా నిలబడ్డ నలుగురి మూతుల వైపూ చూశాడు. మూడు గులాబీరంగులో ఉన్నాయి. లాగ్‌బుక్ తెరిచాడు.

పని ముగిసిన సమయం: రెండూ పదిహేను. కరెంటు ఇచ్చిన సమయం: మూడూ యాభై మూడు. ఆలస్యానికి కారణం అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: 'నా తాళంచెవి ఐస్‌క్రీంలో పడినందువల్ల.'

ఆయన ఫోర్‌మన్ వంక తిరిగాడు. "మళ్ళీ మొదలెట్టావా?"

"నేను నోరు కూడా మెదపలేదు సార్. అమ్మాయే రాసింది."

"నిజమే సార్," అంది ఆ పిల్ల. "బాబాయ్ నేర్పిన ముడి వెయ్యలేదు. మేక కథ చెప్పారు, కోతలనుకున్నా. తప్పు నాదే."

పెద్ద ఇంజినీరు పుస్తకం మూశాడు. "మేక కథ చెప్పాడా?"

"చెప్పారు సార్."

"ఎన్ని రోజులన్నాడు?"

"రెండు రోజులు."

"అబద్ధం," అన్నాడు పెద్ద ఇంజినీరు. "ఒకటిన్నరే."

ఆయన పై గుండీ విప్పి నల్లతాడు బయటికి తీశాడు. దాని కొసన పాత ఇత్తడి తాళంచెవి ఒకటి, పంటి గాట్లతో, వేలాడుతోంది. రెండు చుట్లు తిప్పి, కొసను వెనక్కి దూర్చి బిగించిన ముడి.

"నా చేతిలో ఉన్నది చీపురొక్కటే కాదు," అన్నాడు ఫోర్‌మన్ వంక కోపంగా చూస్తూ. "బకెట్టూ నేనే మోశాను. ఈయన చెట్టుకింద కూర్చుని మేకకు ఆకులు తినిపించాడు."

"పని తొందరగా అవ్వాలని సార్," అన్నాడు ఫోర్‌మన్ వినయంగా.

పెద్ద ఇంజినీరు చెయ్యి చాపాడు. కార్డు కోసమేమో అనుకుని ఆ పిల్ల కార్డు ఇవ్వబోయింది. "అది కాదు. తాడు." ఉత్త తాడూ, ఐస్‌క్రీం జిడ్డు ఇంకా వదలని చెవీ అందుకుని చూసి, తిరిగి ఆ పిల్ల చేతిలోనే పెట్టి, "కట్టు" అన్నాడు. రెండు చుట్లు, కొస తన మీదుగా, వెనక్కి, బిగింపు. ఆయన పట్టుకుని బలంగా ఒక్క గుంజు గుంజాడు. రాలేదు. ఇంకోసారి గుంజాడు. ఆ పిల్లే ఒక అడుగు ముందుకొచ్చింది గానీ ముడి రాలేదు.

"పెన్ను ఉందా?"

ఆ పిల్ల చేరిన పదకొండు నెలల ఇరవయ్యో రోజున, కొత్త పెన్ను మొదటిసారి రాసింది.

సంతకం తడి ఆరకముందే గేటు దగ్గర మావయ్య ప్రత్యక్షమయ్యాడు, కొత్తగా తీసిన కప్పులు ఐదు పళ్ళెంలో పెట్టుకుని. బడికి సరుకు బయల్దేరిందట. లైన్‌మెన్ ఇద్దరూ కప్పుల్ని చూసి మొహాలు పక్కకి తిప్పుకున్నారు. పెద్ద ఇంజినీరు ఒకటి అందుకుని, మూత తీసి, చెంచా అడుగుదాకా పోనిచ్చి జాగ్రత్తగా నాలుగు వైపులా కలియబెట్టి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకున్నాడు.

గోడ పక్కన ఫోర్‌మన్ అప్పటికే వాచ్‌మన్‌ను పట్టుకున్నాడు. "మూడొందల అరవై కప్పులయ్యా! ఒక్కొక్కటీ తిని చూడాల్సొచ్చింది. నాలిక గడ్డకట్టి గంటసేపు మాట రాలేదు నాకు..."

అమ్మాయి సరిదిద్దబోయి నోరు తెరిచింది. మళ్ళీ మూసేసుకుంది. మెడలో ముడి ఒకసారి లాగి చూసుకుని, తనూ ఒక కప్పు తీసుకుంది.